చెకింజన్ లైటు వెలిగితే చెన్నైకేనా?

నెల్లూరులో స్పోర్ట్స్ కారు పెట్టుకున్నవాడికి సలహాలకు కొదవ లేదు. కాకపోతే అన్ని సలహాలూ ఒక్క ఊరికే పోతాయి. చప్పుడు మారినా, ఏసీ సరిగ్గా చల్లబరచకపోయినా, ఇంజన్లో లోపముందని చెప్పే చెకింజన్ లైటు వెలిగినా "నీకెందుకు సామీ టెన్షన్, చెన్నైకి పంపించెయ్" అంటారు. చెన్నై ఇక్కడికి సుమారు 175 కిలోమీటర్లు. కారును లారీ మీద ఎక్కించిన ఖర్చు ఒకటి, అక్కడ వంతు వచ్చేదాకా ఎదురుచూపు ఒకటి, చివర్లో వచ్చే బిల్లు ఇంకొకటి. ఆ బిల్లులో ఏం మార్చారో ఉంటుంది, ఎందుకు మార్చారో ఉండదు.

ఇంకో జట్టు ఉంది. కొత్తగా కారు కొన్న కుర్రాళ్ళు. రాత్రి వీడియో చూస్తారు, పొద్దున్నే పార్టు ఆర్డరు పెడతారు, ఆదివారం విప్పేస్తారు. సోమవారం లైటు మళ్ళీ వెలుగుతుంది. ఇంకో పార్టు ఆర్డరు పెడతారు.

ఈ రెండు జట్లకూ ఒకరంటే ఒకరికి పడదు. నాకు మాత్రం ఇద్దరూ చేస్తున్నది ఒకే పనిగా కనిపిస్తుంది. లోపమేంటో తేలకముందే డబ్బు పెడుతున్నారు. ఒకళ్ళు ఎక్కువ పెడతారు, ఒకళ్ళు తక్కువ పెడతారు, అంతే తేడా. సొంతంగా కారు చూసుకోవడమంటే అన్నీ మన చేత్తోనే విప్పి బిగించాలని కాదు. లోపం ఎక్కడుందో తేల్చే పనిని మాత్రం ఇంకొకరికి వదిలేయకూడదు. విప్పే చేతులు మన జిల్లాలో కావలసినన్ని ఉన్నాయి.

(నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు సీట్ల కారు. బ్రాండు పేరు చెప్పను. చెబితే బంధువులు ఫోనులో ధర చూస్తారు.)

ఆ చేతుల సంగతి ముందు చెప్పాలి. 16వ నంబరు జాతీయ రహదారి నెల్లూరు మీదుగానే పోతుంది. కృష్ణపట్నం పోర్టుకు పోయే లారీలు, రొయ్యల కంటైనర్లు, ధాన్యం బండ్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. ఇవి ఆగిపోతే ఎవరూ చెన్నైకి మోసుకుపోరు, ఇక్కడే బాగుచేసి పంపిస్తారు. అందుకే మన షెడ్లలో రేడియేటర్ కోర్ మార్చేవాళ్ళు, టర్బో విప్పి బేరింగు వేసేవాళ్ళు, అల్యూమినియం వెల్డింగ్ చేసేవాళ్ళు, లోపలే తెగిపోయిన బోల్టును మర చెడకుండా బయటికి తీసే లేత్ పనివాళ్ళు దొరుకుతారు. లారీ టర్బోను విప్పి బాగుచేసే మనిషికి మన కారు టర్బో అర్థం కాదంటే నేనొప్పుకోను. ఆయనకు పనితనం ఉంది, ఈ కారు గురించిన సమాచారం లేదు. ఈ బోల్టు ఎంత బిగించాలి, ఈ పైపు క్లిప్పు ఎటు లాగితే ఊడుతుంది, ఏ ఆయిల్ పొయ్యాలి, ఎన్ని లీటర్లు పొయ్యాలి, ఇవన్నీ ఆయనకు ఎవరు చెప్పాలి? నేను వెళ్ళే రేడియేటర్ షాపు భాయ్ మాట ఒకటే: "యాడ కారతా ఉండాదో చూపించండి సార్, మిగిలింది నేను చూసుకుంటా."

ఆ సమాచారం ఆయనదాకా రాకపోవడం ఊరికే జరిగింది కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద అన్నీ కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఒరిజినల్ స్పేర్లు, రిపేరు మాన్యువళ్ళు, లోపాలు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారని తేల్చింది. కంపెనీలు పై కోర్టులకు ఎక్కాయి, వ్యవహారం ఏళ్ళ తరబడి నలిగింది. ఆ లోపు మన భాయ్ దగ్గరికి మాన్యువల్ నడిచి రాలేదు. కానీ కారు ఓనరు కాస్త ఓపిక పట్టి వెతికితే వర్క్‌షాపు మాన్యువల్ దొరుకుతుంది, పార్టు నంబర్లతో సహా విడిభాగాల బొమ్మలు దొరుకుతాయి, వైరింగ్ బొమ్మ దొరుకుతుంది. ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో ఉన్న ఆ కాగితాన్ని చదివి భాయ్‌కి అర్థమయ్యేలా చెప్పేవాడు కావాలి. ఆ పని ఓనరుది.

ఇక లోపం తేల్చడం. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు.

మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో ఓబీడీ2, అంటే కారు తన లోపాలను తానే కోడ్ రూపంలో చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. బయటి దేశాల నుంచి వచ్చినవాటిలో ఇంకా ముందే ఉంది. స్టీరింగు కింద ఉండే సాకెట్లో చిన్న బ్లూటూత్ అడాప్టర్ గుచ్చితే ఫోనులో కోడ్ వస్తుంది. కోడ్ రాగానే పార్టు పేరు తెలిసిపోయిందని సంబరపడతారు. కోడ్ జ్వరం లాంటిది. ఒంట్లో ఏదో ఉందని చెబుతుందే తప్ప మలేరియానో టైఫాయిడో చెప్పదు.

పీ0171 కోడే తీసుకోండి. సిలిండర్ల మొదటి వరసలో గాలి పాలు ఎక్కువైంది, పెట్రోలు తక్కువైందని దాని అర్థం. ఆ మాట కంప్యూటర్‌కి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి, వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. సెన్సర్ నిజం చెప్పినందుకు దానికి శిక్ష పడుతుందన్నమాట! అసలు చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. ఇంజన్ తన లెక్కకన్నా ఎన్ని శాతం ఎక్కువ పెట్రోలు చల్లవలసి వస్తోందో, ఎన్ని శాతం తక్కువ చల్లుతోందో చెప్పే అంకె అది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్లో సున్నాకు అటూ ఇటూ పది లోపు ఉంటుంది. కారు స్లోలో నిలబెట్టి చూస్తే ప్లస్ 18 ఉండి, 3,000 ఆర్‌పీఎమ్‌కు రేజ్ చేస్తే ప్లస్ 4కు దిగిందనుకోండి. ఎక్కడో రబ్బరు పైపు పగిలి, లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతోంది. స్లోలో ఇంజన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ దొంగ గాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది, రేజ్ చేసినప్పుడు అది పెద్ద గాలిలో కలిసిపోతుంది. అదే తలకిందులుగా, స్లోలో బాగుండి బరువు మీద వెళ్ళేటప్పుడు అంకె పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్, ఈ మూడింటి వైపు చూడాలి. పీ0171తో పాటు రెండో వరసకు వచ్చే పీ0174 కూడా ఉంటే రెండు వరసలకూ ఉమ్మడిగా ఉన్నదేదో చెడిందని అర్థం. రెండు వైపులా సెన్సర్లు ఒకే రోజు చచ్చిపోవడం అరుదు. ఇంతా చేసి ఇప్పటిదాకా పానా కూడా పట్టుకోలేదు. పైపు ఎక్కడ పగిలిందో పట్టడానికి కొందరు వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొడతారు. అది నిప్పుతో ఆట. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి చూసే మిషను ఉన్న షెడ్డుకు వెళ్ళి, "ఇక్కడ పొగ పెట్టి చూడండి" అని చెప్పడం మేలు.

ఈ మధ్య ఈ లెక్కలోకి ఇంకో చిక్కు వచ్చింది. ఈ20 పెట్రోలు. ఒక పాలు మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే దాదాపు 13.5 పాళ్ళు చాలు. అంటే అంతే గాలికి ఇంజన్ ఇంకా ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోలు చల్లాలి. పాత కారు ఆ తేడాను ట్రిమ్‌లోనే సర్దుకుంటుంది. చిన్న లీకు ఉన్నా ఇన్నాళ్ళూ లైటు వెలగని కారుకు, ఈ తేడా తోడైతే గీత దాటి లైటు వెలుగుతుంది. అప్పుడు "పెట్రోలు కల్తీ" అని బంకువాడిని తిడతారు. అందుకే కారు బాగున్నప్పుడే, ఇప్పుడు దొరికే పెట్రోలు మీదే ట్రిమ్ అంకెలు రాసి పెట్టుకోవాలి. బాగున్న రోజు ఎంత ఉందో తెలియకపోతే చెడిన రోజు కనిపించే అంకెతో ఏం చేస్తాం?

మిస్సింగ్ కొట్టే ఇంజన్‌కు ఇంత చదువు అక్కర్లేదు. మూడో సిలిండర్ సరిగ్గా మండడం లేదనే పీ0303 వస్తే ఆ సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు కరెంటు పంపేది) తీసి ఒకటో సిలిండర్ మీద పెట్టండి, అక్కడిది ఇక్కడ పెట్టండి. కోడ్ చెరిపి కాస్త తిప్పితే ఇప్పుడు పీ0301 వచ్చిందా, కాయిల్ పోయినట్టు. ఇంకా పీ0303నే ఉందా, కాయిల్ మంచిదే, ప్లగ్గు చూడండి, తర్వాత ఇంజెక్టర్. కాయిళ్ళ సెట్టు మొత్తం మార్చమన్నవాడికి ఈ పరీక్ష చేసి చూపించమని అడగండి.

ఎండ సంగతికొద్దాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మధ్యాహ్నం గాంధీబొమ్మ సెంటరు ట్రాఫిక్‌లో చిక్కుకున్న స్పోర్ట్స్ కారు టెంపరేచర్ ముల్లు చూడాలి. ఇంజన్ మధ్యలోనో వెనకో ఉన్న కార్లలో చాలావాటికి రేడియేటర్లు మాత్రం ముందు బంపరు మూలల్లో ఉంటాయి, నేలకు దగ్గరగా. రోడ్డు మీద ఎగిరే చెత్తంతా అక్కడికే పోతుంది. కోవూరు, అల్లూరు రోడ్లలో కోతల కాలంలో వరిపొట్టు, గడ్డిపోచలు, సాయంత్రం పురుగులు. ఇవన్నీ ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో మెత్తలాగా పేరుకుంటాయి. ముందు నుంచి పైపుతో నీళ్ళు కొడితే పోవు, ఇంకా లోపలికి దిగుతాయి. బంపరు విప్పి, కండెన్సర్ కదిలించి, వెనక నుంచి ముందుకు మెల్లగా కడగాలి. సముద్రపు గాలి తగిలే మైపాడు, కోట వైపు కార్లకైతే కండెన్సర్ రెక్కలు ఉప్పుకు పొడిపొడిగా రాలడం కూడా అప్పుడే కనిపిస్తుంది.

ఇక్కడా ముందు తేల్చాకే విప్పాలి. ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే మీద చల్లబడితే గాలి చాలడం లేదు, ఫ్యాను, దాని రెసిస్టర్, రిలే చూడాలి. ట్రాఫిక్‌లో బాగుండి హైవే మీద వేగం పెరిగేకొద్దీ హీటెక్కితే కూలెంట్ తిరగడం లేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది. వాటర్ పంపు రెక్కలు ప్లాస్టిక్‌వైతే విరిగి ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ "థర్మోస్టాట్ పీకేయండి" అనేవాడు ఒకడు తయారవుతాడు. లారీ అలవాటు అది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ చల్లుతూనే ఉంటుంది. ఇంకో అలవాటు బోరు నీళ్ళు పొయ్యడం. నెల్లూరులో గానీ ఒంగోలు పక్కన గానీ బోరు నీళ్ళు బకెట్లో ఎండితే అడుగున తెల్ల పొర మిగులుతుంది. ఆ పొరే అల్యూమినియం ఇంజన్ లోపల కూడా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కంపెనీ చెప్పిన రకం కూలెంట్, సగం సగం. వేడి మీద మూత మాత్రం తియ్యొద్దు.

చీమకుర్తి వైపు రోజూ తిరిగేవాళ్ళకు ఎయిర్ ఫిల్టర్ గురించి పుస్తకంలో రాసిన గడువు పనికిరాదు. గ్రానైట్ దుమ్ము సంగతి యూరప్‌లో కూర్చుని గడువు రాసినవాడికి తెలియదు. సగానికే మార్చాలి. కడిగి మళ్ళీ వాడే నూనె ఫిల్టర్లు వేసుకునేవాళ్ళు నూనె ఎక్కువ పట్టిస్తే ఆ పొర ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగ మీద చేరుతుంది, కథ మళ్ళీ పీ0171 దగ్గరికే వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లోపం ఇంకోటుంది. ఇష్టమంటే, పట్టుకోవడానికి. పైకప్పు మడిచే కార్లకు, సన్‌రూఫ్ ఉన్న కార్లకు వాన నీళ్ళు కిందికి పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. ఎండాకాలంలో నీడ కోసం కారును వేపచెట్టు కింద పెడతాం. ఉగాది రోజుల్లో వేపపూత రాలి ఆ గొట్టాల నోటి దగ్గర చేరుతుంది, ఎండి ఉండలు కడుతుంది. ఎండాకాలమంతా ఏమీ తెలియదు. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో కదా, అప్పుడు ఆ నీళ్ళు బయటికి పోలేక కార్పెట్ కిందికి దిగుతాయి. మొదటి తరం పోర్షే బాక్‌స్టర్‌లో, అంటే 986లో, అలారానికీ, దొంగతాళంతో స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్‌కూ ఉన్న కంట్రోల్ యూనిట్ సీటు కింద నేల మీదే ఉంటుంది. అది తడిస్తే తాళం పనిచేయదు, కారు స్టార్ట్ కాదు, సెంట్రల్ లాకింగ్ తనంతట తాను ఆడుతుంది. అప్పుడు అందరూ తాళం బ్యాటరీ మారుస్తారు, తర్వాత పెద్ద బ్యాటరీ, తర్వాత వేలకు వేలు పోసి ఆ యూనిట్. కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూడరు. ఏ మోడల్ కారైనా సరే, చిత్ర విచిత్రమైన కరెంటు లోపాలు వాన తర్వాత మొదలైతే మొదటి పరీక్ష అరచేతితోనే. ఆగస్టులోనే మెత్తటి నైలాన్ తీగతో గొట్టాల్లో అడ్డు తీసి, చెంబుడు నీళ్ళు పోసి చక్రాల వెనక కారుతున్నాయో లేదో చూసుకుంటే సరి. ఎక్కువ ఒత్తిడితో గాలి కొట్టకండి, లోపల గొట్టం జాయింటు ఊడితే అది చూడడానికి ప్యానెళ్ళన్నీ విప్పాలి.

వానల మాట వచ్చింది కాబట్టి, 2021 నవంబరు గుర్తుందా? పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. అలాంటి రోజుల్లో నీళ్ళలో నిలిచిన కారుకు స్టార్ట్ బటన్ నొక్కొద్దు. ఇన్‌టేక్ కిందికి ఉండే కార్లలో సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులు తీయాలి.

బ్యాటరీ గురించి ఒక చమత్కారం చెప్పాలి. తర్వాతి తరం బాక్‌స్టర్, 987లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ తెరవడానికి కరెంటు కావాలి. బ్యాటరీ చస్తే డిక్కీ తెరుచుకోదు, డిక్కీ తెరిస్తే గానీ బ్యాటరీ అందదు. ఇది తెలియక అద్దాలు పగలగొట్టడానికి సిద్ధపడ్డవాళ్ళున్నారు. కాళ్ళ దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగే టెర్మినల్ ఒకటి ఇచ్చారు. దానికి బయటి బ్యాటరీ ప్లస్, డోరు తాళం పడే ఇనుప కొక్కేనికి మైనస్ తగిలిస్తే డిక్కీ తెరుచుకుంటుంది. అది డిక్కీ తెరవడానికే, ఇంజన్ స్టార్ట్ చేయడానికి కాదు. ఇక బ్యాటరీ పదేపదే దిగిపోతుంటే కొత్తది కొనేముందు మల్టీమీటర్ తీయండి. రాత్రంతా నిలబెట్టాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. కారు తాళం వేసి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా ఆగి కరెంటు కొలిస్తే 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. నిద్రపోవడానికి అరగంట పైన పట్టే కార్లున్నాయి. ఐదు నిమిషాలకే కొలిచి "షార్ట్ ఉంది" అని వైరింగ్ కోసేవాళ్ళకు కారు ఇవ్వొద్దు.

బ్రేక్ ఆయిల్‌కి రెండేళ్ళ గడువును మాత్రం కోస్తా గాలిలో కచ్చితంగా పాటించాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు.

ఇంత చెప్పాక నేను ఇంట్లో ముట్టుకోనివీ చెప్పాలి. ఎయిర్‌బ్యాగులు. డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో హై ప్రెషర్ పెట్రోలు లైను. ఏసీ గ్యాసు. స్ప్రింగులు నొక్కి విప్పే పని. డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు లోపల. ఇవి పరికరాలున్న చోటే. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. మన వైపు స్టాండ్ల బదులు ఇటుకలో, పారేసిన గ్రానైట్ ముక్కలో పెడతారు. ఎన్ని టన్నులైనా మోస్తుందనిపించే గ్రానైట్ ఒక్క దెబ్బకు నిలువునా చీలుతుంది. నేలకు తక్కువ ఎత్తున్న కారును జాకీ కింద దూరడానికి ముందుగా రెండు గట్టి చెక్క పలకల మీదికి ఎక్కించాలి. పంచర్ షాపులో గాలి గన్నుతో చక్రాల బోల్టులు బిగించేసినా సరే, తర్వాత టార్క్ రెంచితో మనం వదులు చేసి మళ్ళీ లెక్క ప్రకారం బిగించుకోవాలి. చాలా ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లకు 120 న్యూటన్ మీటర్లు. మీ కారుది మీ పుస్తకంలో ఉంటుంది.

"అంత డబ్బు పోసి కొని కారు కింద దూరతావేంది అబ్బయ్యా?" అని మా మామయ్య ప్రతి పండక్కీ అడుగుతాడు. ఆయన దృష్టిలో కారు కొన్నవాడి చేతికి గ్రీజు అంటితే పరువు తక్కువ. అదే మామయ్య తన రొయ్యల చెరువులో ఏరేటర్ మోటారు చప్పుడు విని, ఏ బేరింగు పోయిందో గట్టు మీద నుంచే చెబుతాడు. నేను ఆయనతో వాదించను.

అసలైన అభ్యంతరం ఇంకొకటుంది, దానికి జవాబు చెప్పాలి. ఊళ్ళో చేయించిన కారును రేపు అమ్మబోతే సర్వీసు పుస్తకంలో ముద్రలుండవు, ధర పడిపోతుంది. నిజం. ముద్రలున్న కారుకు వచ్చే ధర రాదు. కాకపోతే ముద్ర వల్ల తెలిసేది కారు ఫలానా తేదీన ఫలానా గేటు దాటి లోపలికి వెళ్ళిందనే. నా దగ్గర ఆయిల్ డబ్బా మీది అప్రూవల్ నంబరు ఫోటో, మార్చిన ప్రతి పార్టు నంబరు, పని చేసినవాడి బిల్లు, ఎప్పటికప్పుడు రాసుకున్న ట్రిమ్ అంకెలు ఉన్నాయి. 1997 నుంచి 2008 దాకా వచ్చిన పోర్షే బాక్‌స్టర్, 911 ఇంజన్లు చాలావాటిలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు అనే భయం ఒకటి ఉంది. అది పగిలితే ఇంజన్ మొత్తం పోతుంది. ఆ కార్లు కొనే తెలివైనవాడు పుస్తకం తిరగెయ్యడు, పాత ఆయిల్ ఫిల్టర్ కాగితం మడతలు విప్పి ఇనుప రజను ఉందా అని చూస్తాడు. అది పూర్తి హామీ కాదు కానీ లోపల ఏం జరుగుతోందో కొంతైనా చెబుతుంది. నా కారుకు ఆ బేరింగు లేదు. అయినా ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, పక్కన ఆ రోజు పేపరు పెట్టి ఫోటో తీస్తున్నాను. కొనేవాళ్ళు అడిగితే ముందు ఆ ఫోటోలే చూపిస్తాను.